రేడియోలో రాని పాటలు

సభవారు ఈ సంచికకు ఒక చారిత్రక వ్యాసం వ్రాయమన్నప్పుడు మేము వెంటనే ఒప్పుకోలేదు. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బను రేవుకు చేరిన సంగతి, చెరకు తోటలలో మన పెద్దలు పడిన కష్టాలు, 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడిన విధము, ఇవన్నీ మాకంటే బాగా తెలిసినవారు పలుమార్లు వ్రాసియున్నారు. మేము 38 సంవత్సరాలు బడిలో చరిత్ర చెప్పినవారము. తెలుగు మాత్రం ఏబదియేండ్లు దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో, మనుమల వయసు పిల్లల పక్కన కూర్చుని, అక్షరాలు దిద్ది నేర్చుకున్నాము. కనుక ఈ వ్యాసంలో వ్యాకరణ దోషాలు ఉంటే పాఠకులు మన్నించగలరు.

"మీకు సొంతంగా తెలిసిన చరిత్ర ఏదైనా వ్రాయండి" అని సంపాదకులు అన్నారు. మాకు సొంతంగా తెలిసినది ఒకటున్నది. ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య సంగీతాన్ని, రేడియో దానిని వినిపించని రోజులలో, చాట్స్‌వర్త్ కుర్రవాళ్లము ఎట్లా వెదికి తెచ్చుకున్నామన్న కథ అది. అందులో మేము చేసిన ఒక తప్పు కూడా ఉన్నది. "తెలుగు సంచికలో రాక్ సంగీతమా?" అని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. మన ఇళ్లలో ఆ రోజులలో ఏమేమి మోగినదో వ్రాయకపోతే అదీ చరిత్రకు లోటే కదా.

మొదట ఆ సంగీతం ఏమిటో చెప్పాలి. 1960ల చివర ఇంగ్లండులో కొందరు యువకులు రాక్ పాటను మూడు నిమిషాల కొలతలోనుండి బయటికి లాగినారు. కింగ్ క్రిమ్సన్ అనే బృందం మొదటి రికార్డు 1969 అక్టోబరులో వచ్చినది. 1972లో యెస్ బృందంవారి "క్లోజ్ టు ది ఎడ్జ్" అనే పాట ఎల్.పి. రికార్డులో ఒక పక్కంతా ఆక్రమించినది, 18 నిమిషాలకు పైగా. అదే సంవత్సరం జెథ్రో టల్ వారి "థిక్ ఏజ్ ఎ బ్రిక్" రెండు పక్కలకూ కలిపి ఒకే పాట. ఒక పాటలోనే నెమ్మది, వేగము, వాద్యము, గానము మారుతూ పోతాయి. తాళము కూడా మామూలు నాలుగు దెబ్బలు కాదు. పింక్ ఫ్లాయిడ్ వారి "మనీ" పాట 1973లో వచ్చినది. అందులో ఎక్కువ భాగం ఏడు దెబ్బల మీద నడుస్తుంది.

మా నాయన గుడి భజనలో మృదంగం వాయించేవారు. ఇంగ్లీషు పాటలంటే వారికి చికాకు. ఒకనాడు మేము ఆ రికార్డు పెట్టినాము. వారు తలుపు దగ్గర నిలబడి, చేతితో తొడమీద "తకిట తకధిమి, తకిట తకధిమి" అని కొట్టుకుంటూ విన్నారు. "ఒరే, వీళ్లు ఏడు కొడుతున్నారే!" అన్నారు. తరువాత అదే పాట మధ్యలో గిటారు వచ్చేసరికి తాళం నాలుగుకు మారినది. వారు చెయ్యి ఆపి, "ఎందుకు విడిచిపెట్టినారు?" అని మమ్మల్నే నిలదీసినారు. మాకు జవాబు తెలియలేదు. ఆ సంగీతం గురించి మేము విన్న మొదటి విమర్శ అది. చాలా తెల్ల పత్రికలలో చదివినదానికంటే మంచి విమర్శ.

ఇటువంటి పాటను రేడియోవారు వేయరు. ఇంగ్లండులోనే వేయలేదు. ప్రకటనకూ ప్రకటనకూ మధ్య మూడు నిమిషాలు ఖాళీ ఉంటే అందులో పద్దెనిమిది నిమిషాల పాట ఎక్కడ పడుతుంది? ఎవరో ఒకరు మొండివాడు ఉండాలి. 1973 మే 29న బీబీసీలో జాన్ పీల్ అనే ఆయన మైక్ ఓల్డ్‌ఫీల్డ్ "ట్యూబ్యులర్ బెల్స్" రికార్డును మొదటినుండి చివరిదాకా వినిపించినాడు. ఆ రికార్డు తరువాత లక్షలుగా అమ్ముడుపోయినది. అటువంటివాడు ఒక్కడుంటే చాలు.

మా దేశంలో మూడు నిమిషాల అడ్డు ఒక్కటే కాదు. దక్షిణాఫ్రికా ప్రసార సంస్థ ప్రభుత్వం చేతిలో ఉండేది. 1966లో జాన్ లెనన్ ఏసుక్రీస్తు ప్రస్తావన తెచ్చి ఒక మాట అన్నందుకు బీటిల్స్ పాటలను 1971 దాకా ఆ సంస్థ వినిపించలేదు. వారి గ్రంథాలయంలో రికార్డులు ఉండేవి గాని, వినిపించరాని పాట ఉన్నచోట పదునైన దానితో అడ్డంగా గీత గీసేవారు, ఎవరైనా పొరపాటున వేసినా సూది నడవకుండా. మనవారి సంగతి చెప్పనే అక్కరలేదు. భారతీయుల కోసం రేడియో లోటస్ 1983లో గాని రాలేదు. తాతగారి పాట, అవ్వ పాట, కుర్రవాళ్ల పాట, మూడింటికీ రేడియోలో చోటు లేదు.

మేము 1960లో మ్యాగజీన్ బ్యారక్స్‌లో పుట్టినాము. డర్బను నగరసభ కూలీల వరుస ఇండ్లు అవి. తెలుగువారు, తమిళులు చాలామంది అక్కడ ఉండేవారు. వాటిని పడగొట్టి మమ్మల్ని చాట్స్‌వర్త్‌కు తరలించినప్పుడు మాకు అయిదేండ్లు. సామానులో అవ్వ విసుర్రాయి ఒకటి, నాయన మృదంగం ఒకటి, వాల్వుల రేడియో ఒకటి. కొత్త ఇంటిలో రేడియో వెనుక తీగను కిటికీనుండి బయటికి లాగి బట్టల దండేనికి కట్టినాము. ఆ దండెం మీద తడిబట్టలు ఆరవేస్తే ఒక రకంగా, పొడిబట్టలు ఉంటే మరొక రకంగా రేడియో వినబడేదని మా అన్నదమ్ముల నమ్మకం.

ఆ తీగతో మేము పట్టుకున్నది ఎల్.ఎం. రేడియో. పొరుగుదేశం మొజాంబిక్‌లో లొరెన్సో మార్కెస్ నగరం నుండి వచ్చేది. ఆ నగరం పేరు ఇప్పుడు మపూతో. 1936 నుండి అక్కడినుండి మన దేశానికి ఇంగ్లీషులో ప్రసారాలు జరిగినవి. ప్రిటోరియా పెద్దలకు నచ్చని పాటలు సరిహద్దు అవతలినుండి షార్ట్ వేవ్‌లో వచ్చి పడేవి. శబ్దం సముద్రపు అలలాగా దగ్గరికి వచ్చేది, దూరం పోయేది. పాట మంచి పట్టులో ఉండగా మాయమై, తిరిగి వచ్చేసరికి వేరే పాట అయ్యేది. ఎక్కువగా అక్కడ వేసేవీ చిన్న పాటలే. ఏదో రాత్రి పొద్దుపోయిన తరువాత ఒక పొడవైన పాట పడేది. దాని పేరు చెప్పే సమయానికి అల వెనక్కి పోయేది. మా జీవితంలో ఎన్ని పాటలు పేరు తెలియకుండా పోయినవో!

1972లో ఆ స్టేషను నిర్వహణ కూడా మన ప్రసార సంస్థ చేతికే వచ్చినది. 1975లో మొజాంబిక్ స్వతంత్రమైనది. ఆ అక్టోబరులో ఎల్.ఎం. రేడియో మూతబడినది. దాని స్థానంలో జొహన్నెస్‌బర్గు నుండి రేడియో 5 మొదలయినది. శబ్దం బాగానే వినబడేది. పాటలే తగ్గినవి.

అప్పుడు మా వీధిలో అయిదుగురం కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాము. ఇద్దరు తెలుగువారు, ఇద్దరు తమిళులు, ఒక ముస్లిము స్నేహితుడు. మా పెద్దనాన్న కొడుకు అన్న బట్టల ఫ్యాక్టరీలో కట్టర్ పని చేసేవాడు, అతడు పెద్ద వాటా వేసేవాడు. తక్కినవారము బస్సు ఛార్జీ మిగిల్చి, నడిచి, చిల్లర పోగు చేసేవారము. నెల రెండు నెలలకు ఒక ఎల్.పి. గ్రే స్ట్రీటు దగ్గర ఒక దుకాణంలో కొనేవారము. చీట్లు వేసి ఎవరింట్లో మొదటి వారం ఉండాలో తేల్చేవారము. అయిదవవాడి ఇంటికి చేరేసరికి రికార్డుకు గీతలు పడేవి. అందుకని టేప్ రికార్డరు ఉన్నవాడు మొదటి ఆదివారమే క్యాసెట్టుకు ఎక్కించాలని నియమం పెట్టినాము.

కొనేముందు రికార్డు ఎట్లాగుంటుందో తెలియదు. దుకాణందారు ఒక పక్క మాత్రం కొంచెం వినిపించేవాడు, అదీ రద్దీ లేకపోతే. మాకు తెలిసిన ఉపాయం అట్ట వెనుక చదవడం. అక్కడ వాద్యగాళ్ల పేర్లు ఉంటాయి. మొదట కింగ్ క్రిమ్సన్‌లో పాడిన గ్రెగ్ లేక్ తరువాత ఎమర్సన్, లేక్ అండ్ పామర్‌లో కనబడినాడు. యెస్‌లో డ్రమ్ములు వాయించిన బిల్ బ్రూఫర్డ్ 1972లో కింగ్ క్రిమ్సన్‌కు వెళ్లినాడు. వంశవృక్షం చూసి సంబంధం కలుపుకున్నట్టు మేము రికార్డులను కలుపుకున్నాము. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, "అయితే మనవాళ్లే" అనే అలవాటు మన వారికి ఉన్నదే కదా. ఆ అలవాటు మాకు అక్కడ పనికి వచ్చినది.

1980 వచ్చినది. అప్పుడు మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాము. పింక్ ఫ్లాయిడ్ వారి "ది వాల్" 1979 నవంబరు చివర వెలువడినది. అందులో బడి గురించిన ఒక పాట మన రేడియోలోనే మోగుచుండెను. ఎవరికీ అభ్యంతరం లేదు. ఏప్రిల్‌లో కేప్‌టౌను బడిపిల్లలు, నల్లవారి బడులకు, కలర్డ్ బడులకు ఇచ్చే చదువు హీనమైనదని తరగతులు మానినారు. అది దేశమంతా పాకినది. డర్బనులో మన బడుల పిల్లలు కూడా బయటికి వచ్చినారు. వారి నోట ఆ పాట ఉన్నది. మే 2న ప్రభుత్వం ఆ పాటను నిషేధించినది. రేడియో పాట పిల్లల పాట అయినందుకే అది నేరమైనది.

ఆ వారం మా అయిదుగురి ఎల్.పి. మా ఇంటిలో ఉన్నది. అవ్వ దానిని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసినది. "ఎవరు వచ్చినా బియ్యం కొలిచి చూడరు" అన్నది. పాట ఏమిటో ఆమెకు తెలియదు. పోలీసులు పుస్తకాలకోసం ఇళ్లకు వస్తారని ఆమెకు తెలుసు, అంతే.

ఇంతవరకు మేము వ్రాసినదానిలో మేము మంచివైపు ఉన్నాము. ఇప్పుడు చెప్పబోయేది వేరు.

1984లో మేము చాట్స్‌వర్త్‌లో ఒక బడిలో మూడవ సంవత్సరం పంతులుగా ఉన్నాము. తొమ్మిదవ తరగతికి చరిత్ర. పాఠ్యపుస్తకం ప్రకారం 1652లో యాన్ వాన్ రీబీక్ కేపు తీరానికి వచ్చిన సంగతి చెప్పుచున్నాము. వెనుక బల్లలో ఒక అబ్బాయి బల్ల కింద నుండి పక్కవాడికి ఒక క్యాసెట్టు అందిస్తున్నాడు. మేము పిలిచి లాగుకున్నాము. "సార్, అది నాది కాదు సార్, తిరిగి ఇవ్వాలి సార్" అన్నాడు. "మీ నాయనను తీసుకురా, ఇస్తాను" అన్నాము. మాట కఠినంగానే అన్నాము. మరుసటి వారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మాకు భయం. క్యాసెట్టులో ఏమున్నదో చూడలేదు. బల్ల సొరుగులో వేసి తాళం వేసినాము.

ఆ అబ్బాయికి నాయన లేడని మాకు తరువాత తెలిసినది. రెండు మూడు వారాలలో అతడు బడి మానినాడు. ఫ్యాక్టరీలో చేరినాడని ఒకరు, ఫీనిక్స్‌కు ఇల్లు మారినారని ఒకరు చెప్పినారు. మేము వెదకలేదు. వెదకడం కష్టం కూడా కాదు, మన ఊరిలో ఎవరిని అడిగినా చెబుతారు. సరే, అది అట్లా జరిగినది.

1995లో ఆ గది మారుతున్నప్పుడు సొరుగు ఖాళీ చేసి క్యాసెట్టు ఇంటికి తెచ్చినాము. 90 నిమిషాల క్యాసెట్టు. మొదటి పక్కన సిరాతో "మరిలియన్" అని ఉన్నది. 1983లో ఈ ఆంగ్ల బృందంవారి మొదటి ఎల్.పి. వచ్చినది. అది 45 నిమిషాలకు కొంచెం ఎక్కువ. అందుకని చివరి పాట తోక తెగిపోయి ఉన్నది. యెస్, జెనెసిస్ వంటివారి కాలం ముగిసినదని పత్రికలన్నీ వ్రాసిన తరువాత ఈ పిల్లలు మళ్లీ పొడవైన పాటలు మొదలుపెట్టినారు. మాకు ఆ సంగతే తెలియదు. పంతులుగిరిలో పడి మేము వెదకడం మానివేసినాము. మా తరగతిలో పద్నాలుగేళ్ల పిల్లవాడు మానలేదు.

రెండవ పక్కన పెన్సిలుతో మూడు మాటలు: "ఆస్ట్రా. 1970. డర్బన్."

మేము ఆ మూడవ మాటను చాలాసేపు చూసినాము. క్యాసెట్టు వేస్తే లోపలినుండి వచ్చినది ఇంగ్లండు బృందాలకు దేనికీ తీసిపోని శబ్దం. ఆర్గను, ప్రతిధ్వనులు, గుహలోనుండి అరిచినట్టు పాడే గొంతు, గిటారు ఎక్కడో ఆకాశంలో. ఇది డర్బనులో వాయించినవారిదా? మేము నడిచిన వీధులలో నడిచినవారిదా?

అవును. ఆ బృందం పేరు ఫ్రీడమ్స్ చిల్డ్రన్. 1966లో డర్బనులో మొదలయినది. రామ్సే మెకే పాటలు కట్టి బాస్ గిటారు వాయించేవాడు. బ్రయాన్ డేవిడ్సన్ గాత్రం. జూలియన్ లాక్స్‌టన్ గిటారు, ప్రతిధ్వని పుట్టించే యంత్రాన్ని కూడా ఆయనే తయారు చేసుకున్నాడు. కాలిన్ ప్రాట్లీ డ్రమ్ములు. "స్వేచ్ఛ" అనే మాట బృందం పేరులో ఉంటే రేడియోవారు ముట్టరని, మొదటి రికార్డుల మీద ఫ్రీడమ్ అన్నమాటను మార్చి "ఫ్లీడమ్స్ చిల్డ్రన్" అని అచ్చు వేయవలసి వచ్చినది. "ఆస్ట్రా"లో క్రీస్తును తలపించే ఒక పాట ఉన్నది. దాని పేరులో నజరేతు ఊరి పేరును "హజరేత్" అని మార్చి అచ్చు వేసినారు. ఒక బృందానికి రెండు సార్లు అక్షరాల మార్పు. తెలుగులో గుణింతం తప్పితే అర్థం మారుతుందని మా సాయంకాలపు బడి గురువుగారు చెప్పినప్పుడల్లా మాకు ఇది గుర్తుకు వస్తుంది.

వారు తెల్లవారు. తెల్లవారి క్లబ్బులలో, తెల్లవారి సభలలో వాయించినారు. అక్కడికి మాకు ప్రవేశం లేదు. రేడియో వారిని తప్పించినది, చట్టం మమ్మల్ని తప్పించినది. లండను పాటకోసం మేము బట్టల దండేనికి తీగ కడుతున్న రోజులలో, బస్సులో అరగంట దూరంలో ఇది పుట్టినది. మాకు కబురు కూడా అందలేదు. ఆ అబ్బాయికి ఎట్లా అందినదో మేము చెప్పలేము గాని, అతని మేనమామ సముద్రపు ఒడ్డు హోటలులో వెయిటరని తరువాత విన్నాము. మనవారు ఎంతోమంది ఆ హోటళ్లలో వడ్డన చేసినారు. ముందు తలుపు మూసి ఉన్నచోట వంటింటి తలుపునుండి ఏమేమి బయటికి వచ్చినవో ఎవరు లెక్క వేసినారు?

ఆ తరువాత మేము మళ్లీ వెదకడం మొదలుపెట్టినాము. అట్టల వెనుక చదివే పాత ఉపాయమే. డర్బనులోనే ఫ్లేమ్స్ అనే కలర్డ్ బృందం ఉండేది. అందులోని రికీ ఫతార్, బ్లాండీ చాప్లిన్ 1972లో అమెరికాలో బీచ్ బాయ్స్ బృందంలో చేరినారు. జొహన్నెస్‌బర్గులో హాక్ అనే బృందం 1971లో "ఆఫ్రికన్ డే" అనే రికార్డు చేసినది. తరువాత నల్ల గాయకులను, వాద్యగాళ్లను కలుపుకున్నది, ఆ రోజులలో అది చిన్న సాహసం కాదు. ఫ్రీడమ్స్ చిల్డ్రన్‌లో కొద్దికాలం వాయించిన జొహన్నెస్‌బర్గు కుర్రవాడు ట్రెవర్ రాబిన్ 1978లో లండను వెళ్లినాడు. 1983లో యెస్ బృందం "90125" అనే రికార్డుకు ముఖ్యమైన పాటలు అతనివే. అందులో ఒకటి 1984 జనవరిలో అమెరికాలో మొదటి స్థానం చేరినది. అప్పుడు మన రేడియో కూడా వేసినది. "ఆస్ట్రా" చాలా ఏండ్లు పాత రికార్డుల వ్యాపారుల చేతిలో బంగారం ధరకు తిరిగినది. 2000 తరువాత సీడీగా మళ్లీ వచ్చినది. మేము రెండు కొన్నాము. ఒకటి ఎవరికోసమో పాఠకులు ఊహించగలరు.

క్యాసెట్టు మొదటి పక్క సంగతి ఇంకా ఆసక్తికరము. మరిలియన్ బృందాన్ని 1995లో ఈఎమ్ఐ కంపెనీ వదిలివేసినది. రేడియో వేయదు, పెద్ద కంపెనీ లేదు. అక్కడితో కథ ముగియాలి. 1997లో అమెరికాలో కచేరీలు చేయడానికి వారికి డబ్బు లేకపోతే, అక్కడి అభిమానులు తమలో తాము ఇంచుమించు 60,000 డాలర్లు పోగు చేసి పిలిపించుకున్నారు. తరువాత బృందంవారే ఉత్తరం వ్రాసి, ఇంకా వాయించని రికార్డుకు ముందే వెల చెల్లించమని అడిగినారు. 12,000 మందికి పైగా చెల్లించినారు. ఆ డబ్బుతో రికార్డు చేసినారు. ఇప్పుడు ఇంటర్నెట్టులో ఎందరో చేసే పని ఇది. అప్పుడు కొత్త.

మన పెద్దలకు కొత్త కాదు. మన బడులు, మన గుడులు ఎట్లా కట్టినారు? ఇంటింటికీ తిరిగి చందా వ్రాయించి, ఇటుక రాకముందే డబ్బు తెచ్చినారు. 2004లో మరిలియన్ "మార్బుల్స్" అనే రికార్డుకు ముందు వెల చెల్లించినవారి పేర్లన్నీ పుస్తకంలో అచ్చు వేస్తామంటే మేమూ పంపినాము. పార్సెలు కస్టమ్స్‌లో ఆగి, సుంకం కట్టించుకుని, అట్ట మూల నలిగి వచ్చినది. వేల పేర్లలో మా పేరు చీమంత అక్షరాలలో ఉన్నది. నాయన అప్పటికి మంచం మీద ఉన్నారు. భూతద్దంతో చూసి, "గుడి రసీదు పుస్తకంలో లాగ వేసినారే" అన్నారు.

2022లో ఆ బృందం కొత్త రికార్డు బ్రిటన్ ఆల్బముల పట్టికలో రెండవ స్థానం చేరినది. అదే సంవత్సరం మరొక బృందం పోర్కుపైన్ ట్రీ కూడా రెండవ స్థానం చేరినది. దాని కథ తమాషాగా ఉంటుంది. 1987లో స్టీవెన్ విల్సన్ అనే కుర్రవాడు హెమెల్ హెంప్‌స్టెడ్ అనే ఊరిలో తన గదిలో ఒక్కడే వాయించి, లేని బృందానికి లేని చరిత్ర కల్పించి, క్యాసెట్లు చేసి పంచినాడు. వినేవారు పెరిగిన తరువాత నిజంగానే బృందం కట్టవలసి వచ్చినది. రేడియోతో పని లేకుండా, పోస్టులో తిరిగే క్యాసెట్లతో, చిన్న పత్రికలతో ఆ పేరు నిలిచినది. చరిత్ర పంతులుగా కల్పిత చరిత్రను మేము మెచ్చుకోరాదు గాని, ఇది ఒక్కటి మినహాయింపు.

మన దేశంలో నేడు ఇటువంటి సంగీతం ఉన్నదా అని సాయంకాలపు తరగతిలో ఒక అమ్మాయి అడిగినది. ఉన్నది. జొహన్నెస్‌బర్గుకు తూర్పున ఈస్ట్ రాండ్ నల్లవారి పేటల నుండి వచ్చిన బీఎల్‌కే జేకేఎస్ అనే బృందం 2009లో "ఆఫ్టర్ రోబోట్స్" అనే రికార్డు చేసినది. తాళాలు మారతాయి, పాటలు మలుపులు తిరుగుతాయి, డబ్, జాజ్, జులూ స్వరాలు అన్నీ కలుస్తాయి. తరువాతి రికార్డు కోసం సొవెటోలో వాయించి భద్రపరచినదంతా దొంగలు ఎత్తుకుపోయినారు. వారు మళ్లీ మొదటినుండి వాయించి 2021లో విడుదల చేసినారు. మేము విన్నంతలో, తెల్ల డర్బనులో ఆగిన దారి ఇక్కడ ముందుకు సాగినది. ఇది మా అభిప్రాయం. ఆ బృందంవారు ఒప్పుకోకపోవచ్చు.

ఆ అమ్మాయి ఫోనులో ఇప్పుడు అన్నీ దొరుకుతాయి. వెదకవలసిన పని లేదంటుంది. మేము కొంచెం వాదించినాము. ఫోను యంత్రం మనం నిన్న విన్నదానికి చుట్టాలనే ఇవాళ తెస్తుంది. చీట్ల ఒప్పందంలో అట్లా కాదు. మా ముస్లిము స్నేహితుడు ఎంచుకున్న రికార్డు మాకు మొదటి వారం అసలు నచ్చేది కాదు. డబ్బు పెట్టినాము గనుక మళ్లీ వినేవారము, నాలుగవ వారానికి విడువలేకపోయేవారము. అందుకని ఆ అమ్మాయికి ఒక పని పెట్టినాము: ఒక పాట నచ్చితే అందులో వాయించినవారి పేర్లు వ్రాసుకుని, వారు ఇంకెక్కడ వాయించినారో వెదకమని. రెండు వారాల తరువాత ఆమె నోటుపుస్తకంలో పేర్లు తెలుగు అక్షరాలలో వ్రాసి తెచ్చినది. "బ్రూఫర్డ్"లో దీర్ఘం, హ్రస్వం ఏది సరి అని మాకూ ఆమెకూ గొడవ. గురువుగారు కూడా తేల్చలేదు.

చివరగా ఒక విన్నపం. ఈ సంచిక ఫీనిక్స్, టొంగాట్, వెరులం, స్టాంగర్ ఇళ్లకు, సముద్రాలు దాటిపోయిన మన కుటుంబాలకు కూడా చేరుతుందని సభవారు చెప్పినారు. 1984లో చాట్స్‌వర్త్‌లో తొమ్మిదవ తరగతి చరిత్ర గంటలో క్యాసెట్టు పోగొట్టుకున్నవారు ఇది చదివితే, లేదా వారి పిల్లలు చదివి వినిపిస్తే, దయచేసి సభ కార్యాలయంలో అడగండి. మా ఇల్లు చెబుతారు. క్యాసెట్టు ఇప్పటికీ మోగుతుంది. రెండవ పక్క చివర కొంచెం గరగరలాడుతుంది. దానితోపాటు "ఆస్ట్రా" సీడీ, విప్పనిది, ఒకటి ఉంచినాము. వారికి తిరిగి ఇవ్వవలసినవారు ఎవరో ఉన్నారని ఆ రోజు అన్నారు. వారు కూడా ఉంటే ఇద్దరూ రండి. టేప్ రికార్డరు మా దగ్గర ఉన్నది.